తోడురాయి

ఎర్రకొండపాడులో ఎవరినైనా వెనకనుంచి పిలిస్తే తల తిప్పి చూడరు, ఒళ్లంతా తిప్పి చూస్తారు. కొత్తగా వచ్చినవాళ్లు అదేదో మర్యాద అనుకుంటారు. మర్యాదా కాదు, మన్నూ కాదు, మెడ తిరగదు. ఆ ఊరి బోరు నీళ్లలో ఫ్లోరైడు ఉంది. కంటికి కనబడదు, నాలుక్కి తెలియదు. పైపెచ్చు మా నీళ్లు తియ్యగా ఉంటాయని ఊరివాళ్లు చుట్టాల దగ్గర గొప్పలు కూడా పోతుంటారు. చిన్నతనంలో పళ్ల మీద గారగా మొదలై, పెళ్లీడుకు మోకాళ్లలోకి దిగి, నడివయసుకు మనిషిని కొడవలిలా వంచేస్తుంది.

ఇందుమతి పుట్టింది ఆ ఊళ్లోనే. తల్లి పోయాక అక్క శేషమ్మే సాకింది. శేషమ్మ ఆ ఊరివాడినే చేసుకుని, ఆ నీళ్లే తాగి, వంగిపోయింది. చెల్లెలు మాత్రం చిన్నప్పుడే హాస్టలుకు పోయి, అక్కడి నీళ్లు తాగి, రసాయనశాస్త్రం చదివి, పట్నంలో ఒక నీటి పరిశోధనశాలలో ఉద్యోగస్తురాలై నిటారుగా నిలబడింది. అక్కను చూసినప్పుడల్లా తన వెన్ను తిన్నగా ఉండటమే తను చేసిన తప్పులా ఇందుమతికి అనిపించేది. ఊరికి వచ్చినప్పుడల్లా సంచీలో నీళ్ల సీసా తెచ్చుకునేది. తాగాల్సి వస్తే గోడవైపు తిరిగి తాగేది. శేషమ్మ ఆ కాసేపూ బియ్యంలో రాళ్లు ఏరుతున్నట్టు తల వంచుకునేది. ఆ తలకు వంచడమే తప్ప ఎత్తడం ఎటూ రాదు.

తోడురాయి ఆ సిగ్గులోంచే పుట్టింది.

ఎముకకు ఫ్లోరైడంటే మహా ఆశ. నీళ్లలో కరిగి తిరుగుతున్న ఫ్లోరైడు అయాన్‌ను లాక్కుని తనలో కలిపేసుకుంటుంది, కలుపుకుని గట్టిపడి పాడైపోతుంది. ఎముక కంటే ముందే దాన్ని లాక్కునే రాయి ఒకటి బిందెలో ఉంటే? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని ఇందుమతి ఏళ్ల తరబడి కూర్చుంది. తెల్లటి పొళ్లు ఎన్నో చేసింది. నీళ్లలో వేస్తే కొన్ని కరిగిపోయేవి, కొన్ని బురదలా అడుగున కూచునేవి, ఒకటైతే నీళ్లను సున్నపు తేటలా మార్చి ఊరుకుంది. చివరికొక స్ఫటికం వచ్చింది. శనగబద్దంత ఉంటుంది, పాలమీగడ రంగు. దాన్ని ఎర్రకొండపాడు నీళ్లలో వేసి రెండో రోజు నీళ్లు పరీక్షిస్తే ఫ్లోరైడు జాడ లేదు. స్ఫటికం మాత్రం శనగగింజంత పెరిగింది. నీళ్లలోని చెడునే తిని అది ఒళ్లు చేస్తోంది.

అసలు వింత తర్వాత తెలిసింది. పట్టకారులోంచి జారి అది బల్ల మీద రెండు ముక్కలైంది. ఇందుమతి ఉసూరుమంటూ ఆ రెంటినీ రెండు గాజు పాత్రల్లో వేసింది. రెండూ పెరిగాయి. ఆ ముక్కల ముక్కలూ పెరిగాయి. ఫ్యాక్టరీ అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. ఇంటికో ముక్క ఉంటే చాలు, ఊరే దాన్ని పెంచుకుంటుంది. ఆ రోజు ఇందుమతి ప్రయోగశాల తలుపు మూసుకుని కుర్చీలో కూలబడి ఏడ్చింది. అక్క మెడ ఇక తిరగదు. తిరగాల్సిన మెడలు ఇంకా ఎన్నో ఉన్నాయి గదా అనుకుంది.

ఆ మధ్యనే ఇంకొకటి జరిగింది. ఆమ్లంతో కడిగిన గాజు పాత్రను మంచినీళ్లతో సరిగా తొలవకుండా, తొందరలో అందులోనే ఒక పెద్ద రాయి వేసింది. మర్నాడు చూస్తే నీళ్లలో ఫ్లోరైడు తగ్గలేదు సరికదా, బోరు నీళ్లలో ఉన్నదానికి ఎన్నో రెట్లు ఉంది. రాయి అంచులు అరిగి నున్నగా ఉన్నాయి. పులుపు తగిలితే రాయి తిన్నదంతా కక్కేస్తోందన్నమాట. పంటికి పులుపు తగిలితే ఏమవుతుందో తెలిసిన ఏ రసాయనశాస్త్రజ్ఞురాలికైనా అది క్షణంలో అర్థం కావాలి. ఇందుమతికీ అయింది. అయినా ఏమనుకుందంటే, గ్లాసు కడగలేదు, అందుకే లెక్క తప్పింది అనుకుంది. బోరు నీళ్లలో పులుపు ఎక్కడినుంచి వస్తుంది అనుకుంది. పులుపు సంగతి తేలేదాకా ఆగాలంటే ఇంకో రెండు మూడేళ్లు. పైనుంచి అచ్యుతరావు గారు, ఆ పరిశోధనశాల పెద్ద, ఎప్పుడు పంచుతామని రోజూ అడుగుతున్నాడు. ఆ నీళ్లు పారబోసి, గాజు పాత్ర శుభ్రంగా కడిగి, మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి అంతా బాగానే వచ్చింది.

ఊళ్లో రాళ్లు పంచిన రోజు బడి వరండాలో జనం కిక్కిరిశారు. ఇందుమతి రెండు గాజు గ్లాసులు ఎత్తి చూపించింది. రెంట్లోనూ తేటనీళ్లే. ఒకదాన్ని రెండోదాంట్లో పోసింది. చూస్తుండగానే తెల్లగా విరిగిన పాలలా అయిపోయింది. పిల్లలు కెవ్వుమన్నారు.

"కరిగిపోయిందంటే లేకుండా పోయిందని కాదు," అంది ఇందుమతి. "కనబడకుండా ఉందని. మీ నీళ్లలో ఫ్లోరైడూ అంతే. ఈ రాయి దాన్ని బయటికి లాగి తనలో దాచుకుంటుంది."

"మరి మాకందరికీ యాడ సరిపోతయ్యమ్మా ఈ నాలుగు రాళ్లు?" అని ఎవరో అడిగారు.

అప్పుడు ఇందుమతికి ఒక చక్కటి పోలిక తట్టింది. ఆ తట్టినందుకు తనలో తను మురిసిపోయింది కూడా.

"పెరుగు తోడు ఇచ్చుకోరా మీరు? అట్లాగే. మీ దగ్గర పెరిగినాక ఒక ముక్క విరిచి పక్కింటికివ్వండి. తోడు ఎట్లా ఇస్తారో అచ్చం అట్లాగే ఇవ్వండి. దీన్ని అమ్మకూడదు, దాచుకోకూడదు. సబ్బు తగలనివ్వొద్దు, ఉప్పు వెయ్యొద్దు."

పులుపు గురించి ఒక్క ముక్క చెప్పలేదు.

"అయితే దీని పేరు తోడురాయి," అంది ముందు వరసలో కూచున్న మాలకొండమ్మ. శేషమ్మ ఇంటి వెనక సందులో ఉండే మనిషి. ఒళ్లో ఏడేళ్ల కూతురు భార్గవి. ఆ పిల్ల పళ్ల మీద అప్పుడే గార మొదలైంది. "ఇదుగో చిన్నత్తా, నా కూతురి పళ్లు చూడు. దీని కూతురి పళ్లు తెల్లగా ఉంటయ్యా?"

"ఉంటాయి," అంది ఇందుమతి.

మొదటి రాయి శేషమ్మ బిందెలో పడింది. అక్కడినుంచి అది ఊరంతా పాకింది. ఆ ఊళ్లో తోడు అడగడమంటే చిన్న విషయం కాదు. తోడు అడిగితే లేదనకూడదు. వట్టి చేత్తో ఇవ్వకూడదు, గిన్నెలో అడుగున కాస్త మజ్జిగ పోసి ఇవ్వాలి. దీపాలు పెట్టాక అసలు ఇవ్వకూడదు, లక్ష్మి వెళ్లిపోతుంది. ఇదంతా ఇందుమతికి తెలియనిదా? ఆ ఇంట్లో, ఆ అక్క చేతి తోడుతో పేరుకున్న పెరుగే తిని పెరిగింది. కానీ చదువుకున్నవాళ్లకు చిన్నప్పటి సంగతులు కథలు చెప్పుకోవడానికే గుర్తుంటాయి. చంటి రాళ్లు ఉదయం పూట చేతులు మారినన్నాళ్లూ ఏమీ కాలేదు. వాటిలో కక్కడానికి ఉన్నదే తక్కువ, మజ్జిగలో ఉండేది నాలుగడుగులు నడిచి పక్కింటికి పోయేంతసేపు.

తోడురాయి పేరు పట్నందాకా పోయింది. పై అధికారుల బృందం ఒకటి చూడటానికి వస్తుందని కబురొచ్చింది. అచ్యుతరావు గారు ప్రయోగశాలకు సున్నం కొట్టించాడు. ఇందుమతి కొత్త చీర కట్టుకుని వచ్చింది. బృందంవాళ్లు భోజనం చేసి, కాఫీలు తాగి, స్ఫటికం చుట్టూ చేరారు. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. అక్క.

"ఇందూ, మాలకొండమ్మ పిల్ల లేదూ, భార్గవి, అది కక్కుతా ఉంది. మధ్యాన్నం అన్నం తిన్నకాడ్నుంచీ. కడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోతంది. ఇప్పుడు చేతులు కొంకర్లు పోతన్నాయే. నీకేమన్నా తెలిస్తే చెప్పు."

"ఏం తిన్నది?" ఇందుమతి గొంతు తగ్గించి అడిగింది.

"ఏం తింటది, మజ్జిగన్నం. వాళ్ల రాయి యాడనో పోయిందంట, నిన్న సాయంత్రం కొండమ్మ వచ్చి మళ్లీ తోడు అడిగింది. దీపాలు పెట్టేశా గదా, పొద్దున్నే ఇస్తాలే అన్నా. ఆ పెద్ద రాయిలో సగం విరిచి చెంబులో మజ్జిగలో వేసి ఉంచా. పొద్దున ఇచ్చా. రాయి బిందెలో వేసుకుంది. మజ్జిగ మంచి పులిసిన మజ్జిగ, ఎందుకు పారబోస్తదీ, పిల్లకు కలిపింది."

నెలల తరబడి బిందెడు బిందెడు నీళ్లు తాగిన పెద్ద రాయి. రాత్రంతా పులిసిన మజ్జిగలో. ఆనాటి గాజు పాత్ర ఇందుమతి కళ్లముందు నిలబడింది. ఆ ఫ్లోరైడు ఇప్పుడు ఆ పిల్ల నెత్తురులోకి దిగుతోంది. అక్కడ దొరికిన కాల్షియాన్ని దొరికినట్టు పట్టుకుని, కరగని సున్నంలా మార్చేస్తోంది. కాల్షియం లేని నెత్తురుకు కండరాలు కొంకర్లు పోతాయి. తర్వాత గుండె. పాలు పట్టాలి. నీళ్లు కలిపిన మజ్జిగలో కాల్షియం చాలదు, పాలలో చాలినంత ఉంది, మిగతా ఫ్లోరైడు ఒంట్లోకి పోకముందే కడుపులోనే దాన్ని పట్టేస్తుంది. ఆస్పత్రిలో కాల్షియం ఎక్కించాలి. ఇదంతా ఆమెకు ఒక్క ఊపిరిలో తెలిసిపోయింది.

వెనకనుంచి అచ్యుతరావు గారు, "ఇందుమతి గారూ, మీకోసమే చూస్తున్నారు," అన్నాడు.

"అక్కా, నేను కనుక్కుని చెప్తా. మళ్లీ చేస్తా," అని ఫోన్ పెట్టేసింది.

కనుక్కోవడానికి ఏముంది? ఇందుమతి తనకు తాను చెప్పుకున్న మాట ఇది: రూఢి చేసుకోకుండా చెప్పకూడదు, శాస్త్రజ్ఞురాలిని గదా. బృందానికి నవ్వుతూ నాలుగు మాటలు చెప్పింది. ఒకాయన దీనివల్ల ప్రమాదం ఏమైనా ఉందా అని అడిగాడు. ఇంతవరకూ ఏమీ లేదండీ, అంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఆ మాటకు ముందే ఆమె చెయ్యి మెడమీదికి పోయింది. అందరూ అచ్యుతరావు గారి గదిలోకి వెళ్లాక క్యాంటీన్‌నుంచి మజ్జిగ తెప్పించింది. రాయి వేసింది, కాచుకుని కూచుంది, వడకట్టింది, పరీక్ష చేసింది. తెలిసినదాన్నే తెలుసుకోవడానికి ఆ మధ్యాహ్నమంతా ఖర్చుపెట్టింది. నిజానికి ఆమె ఎదురుచూసింది పరీక్ష ఫలితం కోసం కాదు. అక్క మళ్లీ ఫోన్ చేసి, పిల్లకు తగ్గిందే, అజీర్తి అంట, అని చెబుతుందేమోనని.

అక్క ఫోన్ చేసింది గానీ ఆ మాట చెప్పలేదు. "ఆస్పత్రిలో ఉన్నారే. సెలైను పెట్టారు. డాక్టరుకు అంతుపట్టలేదంట. ఫిట్స్ వచ్చింది పిల్లకు," అంది.

బయట కార్లు వెళ్లిపోయిన చప్పుడైంది. అప్పుడు ఇందుమతి ఆస్పత్రికి ఫోన్ చేసింది.

పిల్ల దక్కింది. కాల్షియం ఎక్కించగానే కొంకర్లు విడిచాయి. కానీ మధ్యలో గుండె కాసేపు తడబడిందట. ఆ తడబాటు మాటల్లోకి దిగింది. గలగలా మాట్లాడే పిల్ల ఇప్పుడు ఒక్కొక్క మాట కోసం వెతుక్కుంటోంది. వస్తాయేమో, రావేమో, చెప్పలేం అన్నారు డాక్టర్లు.

అచ్యుతరావు గారు ఇందుమతిని గదిలోకి పిలిచి కూర్చోబెట్టాడు. మనిషి చెడ్డవాడేం కాదు. చెమటలు పట్టి ఉన్నాడు.

"మజ్జిగలో వెయ్యమని మనం చెప్పలేదు కదండీ," అన్నాడు. "చెప్పిన పద్ధతి పాటించలేదు, అంతే. మీరేమంటారు?"

ఇందుమతి ఏమీ అనలేదు. అనకపోవడం కూడా ఒక మాటే. ఆ మాటతోనే ఊరికి రాళ్లు వెనక్కి తీసుకోవడానికి బయల్దేరింది.

తిట్లకు సిద్ధపడి వెళ్లింది. ఎవరైనా చెప్పు తీసినా బాగుండుననుకుంది. జరిగింది వేరు. రచ్చబండ దగ్గర పెద్దవాళ్లు లేచి నిలబడ్డారు. "రాయిని మజ్జిగలో వేసింది మనవాళ్లే గదా. అంత దూరాన కూచుని ఫోన్లోనే రోగం చెప్పిందంట. డాక్టరుకే అంతుపట్టనిది," అని ఒకరితో ఒకరు చెప్పుకున్నారు. ఇళ్లలోంచి ఒక్కొక్కరూ బిందెల్లోని రాళ్లు తెచ్చి ఆమె పెట్టెలో వేశారు, గుడి హుండీలో వేసినట్టు. ఇందుమతికి తల కొట్టేసినట్టయింది.

మాలకొండమ్మ ఇంటిముందు భార్గవి అరుగుమీద కూచుని ఉంది. ఇందుమతిని చూసి నవ్వింది. ఏదో చెప్పబోయింది. పెదాలు కదిలాయి, మాట రాలేదు. కోపం వచ్చి అరుగును అరచేత్తో కొట్టింది.

మాలకొండమ్మ లోపలినుంచి పరుగున వచ్చి, ఇందుమతి వద్దంటున్నా వినకుండా కాళ్లు పట్టేసుకుంది.

"నువ్వు ఫోన్ చేసి చెప్పకపోతే నా బిడ్డ దక్కేది కాదు చిన్నత్తా. నేనే, నేనే దాన్ని ఇట్టా చేసుకున్నా."

"నువ్వేం చేశావు కొండమ్మా, లే."

"కక్కుతుంటే దిష్టి తగిలిందనుకున్నా. ఉప్పూ మిరపకాయలూ తిప్పా. తగ్గకపోతే మంత్రమేసే ఆయన ఇంటికి ఎత్తుకుపోయినా. ఆ తర్వాత గదా ఆటో ఎక్కింది. ఇంత ఆలస్యం ఎందుకు చేశావమ్మా అని డాక్టరు మా ఆయన ముందరే అడిగాడు. ఆ రోజు కాడ్నుంచీ ఆయన నాతో మాటాడ్డంలా. అన్నం పెడితే తింటాడు, లేస్తాడు. ఈ పిల్ల మాట కోసం ఎతుక్కున్నప్పుడల్లా నా దిక్కే చూస్తాడు." మాలకొండమ్మ కళ్లు తుడుచుకోలేదు, కారనిచ్చింది. "చూడనీ. తప్పు నాదే గదా."

ఇందుమతి నోరు తెరిచింది. ఎండలో నిలబడి ఉంది, చుట్టూ నలుగురైదుగురు ఆడవాళ్లు చేరారు, అందరి కళ్లల్లోనూ గౌరవం. మింగలేక కక్కలేక, పిల్ల తల నిమిరి, "వస్తాయిలే మాటలు," అని వెనుదిరిగింది.

అక్క ఇంటి తలుపు దగ్గరగా వేసి ఉంది. శేషమ్మ పట్టపగలే చీకటి గదిలో గోడకు ఆనుకుని కూచుని ఉంది. ఆస్పత్రినుంచి వచ్చినప్పటినుంచీ గడప దాటలేదని సందు మొదట్లోనే ఎవరో చెప్పారు. నీళ్లకు కూడా పక్కింటి మనిషే పోతోందట.

"నా చేత్తో ఇచ్చానే," అంది శేషమ్మ. "ఈ చేత్తో ఇంతమందికి తోడిచ్చా. ఎవురికన్నా చెడు జరిగిందా? నా ఇంటి మజ్జిగ తాగి పిల్ల చావబోయింది. ఇంక ఎవురింటికి పోను?"

"అది నీ తప్పు కాదక్కా. తోడు ఎట్లా ఇస్తారో అట్లా ఇవ్వండని చెప్పింది నేను."

"నువ్వు చెప్పావు గానీ మజ్జిగ పోయమన్నావా? నేను పోశా."

"వట్టి చేత్తో తోడు ఇస్తావా నువ్వు?"

"ఎట్టా ఇస్తా? ఇయ్యగూడదు."

"మరి అదే. నాకు తెలుసు నువ్వు ఇవ్వవని. ఎప్పుడైనా ఇచ్చావా? నా చిన్నప్పుడు ఆ గిన్నె పట్టుకుని ఇళ్లకు తిరిగింది నేనే గదా."

శేషమ్మ నెమ్మదిగా ఒళ్లంతా తిప్పి చెల్లెలివైపు చూసింది.

"పులుపు తగిలితే అది విషం కక్కుతదని నీకు ముందే తెలుసా ఇందూ?"

ప్రయోగశాలలో ఎవరూ అడగని ప్రశ్న ఇది. బృందంవాళ్లు అడగలేదు, అచ్యుతరావు గారు అడగలేదు. ఇందుమతికి అబద్ధం సిద్ధంగానే ఉంది, నాలుక చివరనే ఉంది. అక్క మొహం చూసి చెప్పలేకపోయింది.

"ఒకసారి చూశాను. గ్లాసు కడగలేదనుకున్నాను. అనుకోవాలని అనుకున్నాను."

"నేను మొదట ఫోన్ చేసినప్పుడు?"

"అప్పుడే తెలిసిపోయింది. పిల్లకు ఏమైందో, ఏం చెయ్యాలో అంతా తెలుసు. పెద్దవాళ్లు వచ్చి ఉన్నారక్కా. వాళ్లు వెళ్లేదాకా…"

మాట పూర్తికాలేదు. శేషమ్మ చెయ్యి ఎత్తింది. కొడుతుందనుకుని ఇందుమతి కళ్లు మూసుకుంది. ఆ చెయ్యి గోడ పట్టుకుని లేవడానికి ఎత్తినది. శేషమ్మ లేచి నిలబడి, నేలచూపులు చూస్తూనే మాట్లాడింది. పైకి చూసే మెడ ఆమెకు లేదు.

"నా సంగతి ఒదిలెయ్. నేను ఒంగినదాన్ని, ఇంకాస్త ఒంగుతా. నాకు చెప్పుకుని నీ గుండె తేలిక చేసుకున్నావు, బాగానే ఉంది. కొండమ్మ అక్కడ నిన్ను దేవతంటా ఊరంతా తిరుగుతంది. మొగుడు మొహం చూడకపోతే నాదే తప్పని ఏడస్తంది. ఆ ఏడుపు ఎవురిదే? నీది గదూ?"

ఇందుమతి ఆ సందులో నడవడం ఊళ్లో చాలామంది చూశారు. రాళ్ల పెట్టె అక్క ఇంట్లోనే వదిలేసింది. నాలుగడుగులైనా లేని సందు ఆ రోజు ఎంతకీ తరగలేదు. మాలకొండమ్మ ఇంటిముందు ఇప్పుడు భర్త కూడా ఉన్నాడు, పొలంనుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. పేరు గురవయ్య, మాటకారి కాడు. పదిమంది ఉన్నప్పుడే చెప్పాలని ఇందుమతి అనుకోలేదు, కానీ ఆమె గుమ్మంలో నిలబడేసరికి మళ్లీ నలుగురూ చేరారు. చేరనీ అనుకుంది.

"మాలకొండమ్మా, దిష్టి తియ్యడం వల్ల కాదు."

మాలకొండమ్మ అర్థంకానట్టు చూసింది.

"అక్క నాకు ఫోన్ చేసేటప్పటికి మీరింకా ఇంట్లోనే ఉన్నారు. పిల్లకు ఏమైందో ఆ నిమిషంలోనే నాకు తెలిసింది. రాయి మజ్జిగలో విషం వదిలిందని. పులుపు తగిలితే వదులుతుందని అంతకుముందే ఒకసారి చూశాను, మీకు చెప్పలేదు. ఆ రోజు చూడటానికి పెద్దవాళ్లు వచ్చారు. వాళ్లముందు నా పరువు పోతుందని నోరు మూసుకున్నాను. నువ్వు ఆస్పత్రికి చేరాక కూడా ఆ డాక్టరుకు ఏం మందు వెయ్యాలో తెలియలేదు. తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. మధ్యాహ్నం నేను ఫోన్ పెట్టెయ్యకుండా ఒక్క మాట చెప్పి ఉంటే చాలు. పాలు పట్టమని. గ్లాసుడు పాలు పడితే చాలావరకు కడుపులోనే విరిగి ఆగిపోయేది."

గురవయ్య చేతిలో చెంబు ఒంపినది ఒంపినట్టే ఉండి, నీళ్లు వాటంతటవే పాదాలమీద పడుతున్నాయి.

"పాలున్నయ్యి," అంది మాలకొండమ్మ, ఎవరితోనూ కాదన్నట్టు. "పొయ్యిమీద కాచి ఉన్నయ్యి. కక్కుతందని నేనే పట్టలా."

"నీకెట్లా తెలుస్తుంది? చెప్పాల్సింది నేను."

ఇందుమతి కాచుకుని నిలబడింది. ఇప్పుడు తిట్టాలి. మట్టి ఎత్తి పొయ్యాలి. జుట్టు పట్టుకుని ఈడ్చినా సరే, వంగి నిలబడదామనుకుంది. ఆ దెబ్బ పడితే గానీ తను మళ్లీ మనిషి కాలేదు.

మాలకొండమ్మ ఆమెవైపు చూడనే లేదు. భర్తవైపు తిరిగింది.

"విన్నావా?" అంది. "విన్నావా ఏమయ్యా? నేను దిష్టి తీసినందుకు కాదంట. ఆలస్యం నాది కాదంట. నా వల్ల కాదంట!"

గురవయ్య చెంబు కింద పెట్టాడు. భార్య భుజం మీద చెయ్యి వేశాడు. వేసిందే తడవు మాలకొండమ్మ అరుగుమీద కూలబడి, పిల్లను ఒళ్లోకి లాక్కుని, వెక్కి వెక్కి ఏడ్చింది. అది కోపంతో వచ్చిన ఏడుపు కాదు. నెత్తిమీది మోపు దించిన మనిషి ఏడుపు. ఏడుస్తూనే మధ్యమధ్య తల ఎత్తి ఇందుమతికి రెండు చేతులూ జోడించింది.

"చెప్పావు తల్లీ. వచ్చి చెప్పావు. చల్లగా ఉండు."

ఇందుమతి గుమ్మంలో అలాగే నిలబడింది. ఎవరూ ఆమెను కొట్టలేదు. ఎవరూ పొమ్మనీ అనలేదు.